చెవిలో పెట్టిన సరుకు

జూన్ 2

మామగారికి చెవి మిషను కొన్నాం. మా ఆయన స్కూటరు కోసం దాచుకున్నదంతా దానికే పోయింది. పోనీలే అన్నారు. ఈయన పుట్టినప్పుడు కూడా ఏడవకుండా పోనీలే అనే ఉంటారని నా నమ్మకం.

దుకాణం అద్దంలా ఉంది. గుమ్మంలోనే తెల్లకోటు వేసుకున్న మనిషి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. డాక్టరనుకుని మేమూ వంగి పెట్టాం. మామగారిని అద్దాల గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాడు. మేం బయట బిల్లు దగ్గర కూర్చున్నాం. లోపల మామగారు చెవిలో మిషనుతో తలూపుతుంటే ఒకమ్మాయి ఫోనుతో వీడియో తీసింది. బయటికొచ్చి మామగారు "బాగుంది" అన్నారు.

"వారం రోజులు వాడి చూడండి. నచ్చకపోతే నిశ్చింతగా వెనక్కిచ్చెయ్యండి" అన్నాడు తెల్లకోటు. పొద్దస్తమానం ఫోనులో అలాంటి మాటలే చెప్పి జీతం తెచ్చుకునేదాన్ని, ఆ "నిశ్చింతగా" దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఇంటికొస్తూ దారిలో మామగారు అడిగిన మొదటి మాట, "ఇంక పాపని బడి నుంచి నేనే తీసుకురావచ్చుగా?" అని. మా ఆయన రోడ్డు వైపు చూస్తూ "చూద్దాం నాన్నా" అన్నారు. మార్చిలో జరిగింది ఇంకా ఎవరం మరిచిపోలేదు. బాత్రూం గడియ బిగుసుకుపోయి పాప లోపల తాతా తాతా అని గొంతు పోయేలా ఏడుస్తుంటే, ఆయన ముందుగదిలో పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. పక్కింటి పిన్నిగారు విని పరిగెత్తుకొచ్చి గడియ విరగ్గొట్టించారు. ఆ రోజు మాత్రం మా ఆయన పోనీలే అనలేదు. "నాన్న దగ్గర పాపని ఒంటరిగా వదలొద్దు" అన్నారు. మర్నాటి నుంచి బడయ్యాక పాప డేకేర్‌లో, మామగారు ముందుగదిలో.

అన్నాల దగ్గర "కూర ఎలా ఉంది మామయ్యా" అని అడిగాను. "బాగుంది" అన్నారు. ఈ ఇంట్లో నా వంటని మెచ్చుకునేది ఆయనొక్కరే.

జూన్ 5

మా ఆయన మెత్తబడ్డారు. వచ్చే నెల ఒకటి నుంచి డేకేర్ మాన్పించేద్దామన్నారు. మామగారు చెప్పులు కుట్టించుకొచ్చారు. గొడుగు దించి బూజు దులిపారు. ఆ మిషను పుణ్యమా అని మనిషికి పదేళ్ళ వయసు తగ్గింది.

జూన్ 7

పాప నా చెంగు పట్టుకుని చెప్పింది. "అమ్మా, తాతకి వినపడట్లేదు. నీ ముక్కు మీద ఈగ వాలింది తాతా అంటే బాగుంది అన్నాడు."

నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఎందుకో నవ్వు ఆగిపోయింది. వంటింట్లోంచి మామయ్యా అని పిలిచాను. కదల్లేదు. గట్టిగా పిలిచాను. లేదు. గరిట కింద పడేస్తే మాత్రం ఉలిక్కిపడి చెవి పట్టుకున్నారు. ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు, వీధిలో హారన్లు, అన్నీ వినపడుతున్నాయి. మనిషి మాట వినపడట్లేదు.

అడిగితే "బాగానే ఉందమ్మా, కొత్త కదా, అలవాటవుతుంది" అన్నారు. నా పెదాల వంకే చూస్తూ.

జూన్ 8

సెలవు పెట్టి మామగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రానని మొండికేస్తే బీపీ చూపిద్దామని అబద్ధమాడాను. చెవి డాక్టరుగారు మిషను తిప్పి చూసి "పరీక్ష ఎవరు చేశారు?" అన్నారు. తెల్లకోటు గురించి చెప్పాను. "పరీక్ష కాగితమేదీ?" లేదు. ఎలా ఉంటుంది, చేస్తే కదా.

ఆవిడ శాంతంగా చెప్పింది. ఒక్కో చెవికి ఒక్కో రకం లోపం ఉంటుందిట. కొలిచి దానికి తగ్గట్టు మిషను సరిచెయ్యాలిట. ఇది అన్ని చప్పుళ్ళనీ ఒక్కలాగే పెంచుతుంది, అంతే. "ఈయన చెవికి ఇది మాట తప్ప అన్నీ వినిపిస్తుంది" అంది. ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టిమ్మంటే ఇచ్చింది.

మామగారు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి "బాగుందా?" అని అడిగారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీదో తెలీని ఏడుపు.

జూన్ 9

దుకాణానికి వెళ్ళాం. తెల్లకోటు నమస్కారం పెట్టలేదు. మిషను చూసీ చూడగానే, కుండీలో మొక్క వెనకాల గోడకున్న బోర్డు చూపించాడు. "చెవిలో పెట్టిన సరుకు వాపసు తీసుకోబడదు."

"వారం వాడి చూడమన్నారు కదండీ."

"వాడమన్నానండి. వాపసు గురించి బోర్డుంది కదా. బిల్లు వెనకాల కూడా ఉంది."

"చెవిలో పెట్టకుండా చెవి మిషను వాడేదెలాగ?"

"మేడం, పెద్దాయనే బాగుందన్నారు. కావాలంటే వీడియో ఉంది."

పక్కన ఇంకో ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మిషను పెడుతున్నారు. తెల్లకోటు ఆయన వైపు తిరిగిపోయాడు, నేనక్కడ లేనట్టే. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని "పోనీలే, పద" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఒకాయన బాగుందంటారు, ఒకాయన పోనీలే అంటారు, మధ్యలో వాడు చెవిలో పువ్వులు పెడతాడు.

జూన్ 12

వాళ్ళ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. "మీ ఇబ్బందికి మనస్ఫూర్తిగా చింతిస్తున్నామండి" అంది ఒకమ్మాయి. ఎక్కడ గుక్క తిప్పుకోవాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ నాకు తెలుసు. మా నీళ్ళ ఫిల్టర్ల కంపెనీలో నేనూ అదే స్వరంతో చింతిస్తుంటాను.

రేపు మేనేజరు ఫోన్ చేస్తాడట.

జూన్ 14

రేపు ఫోన్ చేస్తాడట.

జూన్ 17

రేపు.

జూన్ 18

నాకు కోపమేం లేదు. కోపం వల్ల ఆరోగ్యం పాడవుతుంది.

జూన్ 19

పెద్దగిన్నె మూత సొట్టపోయింది. చెయ్యి జారింది.

జూన్ 21

ఇవాళ ఆ అమ్మాయి "మీ ఫిర్యాదు పై వాళ్ళకి పంపానండి, సరేనా?" అంది. విసిగిపోయి "సరే" అన్నాను. ఫోను పెట్టేలోపే మెసేజీ వచ్చింది. "మీ ఫిర్యాదు మీకు సంతృప్తికరంగా పరిష్కరించబడింది."

సరే అంటే చాలు, మూసేస్తారు. మాకూ అదే నేర్పించారు. అవతలివాళ్ళు ఏ అర్థంతో సరే అన్నా మన లెక్కలో సంతృప్తే. ఇన్నేళ్ళు ఆ సరేలు రాబట్టినదాన్ని, ఇవాళ నా నోట్లోంచి ఒకటి లాగించుకున్నాను. సిగ్గేసింది.

మూత జారి పడలేదు. విసిరాను.

జూలై 1

ఇవాళ్టి నుంచి మామగారు పాపని తీసుకురావాలి. నిన్ననే మా ఆయన ఒక కాగితం మీద "ఇంకొన్నాళ్ళు డేకేర్" అని రాసి చూపించారు. మామగారు చదివి మడిచి జేబులో పెట్టుకుని "బాగుంది" అన్నారు. నాతో మాట్లాడ్డం లేదు. నేను ఆస్పత్రికి తీసుకెళ్ళకపోతే ఎవరికీ తెలిసేది కాదని ఆయన బాధ. గొడుగు తలుపు వెనకే ఉంది.

జూలై 4

పక్కింటి పిన్నిగారు సంబరంగా వచ్చారు. "మీ మామగారు టీవీలో కనిపిస్తున్నారే" అని.

వెళ్ళి చూశాను. దుకాణం అద్దం వెనక పెద్ద టీవీ, అందులో మామగారు. చెవిలో మిషనుతో తలూపుతూ, నవ్వుతూ, "బాగుంది" అంటున్నారు. వెనకాల సంగీతం. కింద పెద్ద అక్షరాలు, "మళ్ళీ విన్నాను, మళ్ళీ బతికాను." అయిపోగానే మళ్ళీ మొదలు. రోడ్డున పోయేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఒకావిడ వాళ్ళాయనతో "పాపం ఎంత సంతోషంగా ఉన్నాడో చూడండి, మీ నాన్నని కూడా తీసుకొద్దాం" అంది.

మా ముసలాయన్ని మోసం చేసింది చాలక, ఆయన్నే ఎరగా కట్టి ఇంకొకళ్ళ ముసలాయన్ని పడుతున్నారు. ఆవిడకి అక్కడే, అందరూ వినేలా, ఉన్నదంతా చెప్పాను. తెల్లకోటు తలుపు తీసుకుని వచ్చి "మేడం, వ్యాపారం దగ్గర గొడవ చెయ్యకండి" అన్నాడు. మా ఆయనక్కడ లేరు కాబట్టి పోనీలే అనేవాళ్ళు లేకపోయారు. బాగానే చేశాను గొడవ.

జూలై 5

ఆఫీసులో మ్యూట్ రాణికి చెప్పాను. కస్టమర్లు తిడుతుంటే మ్యూట్ నొక్కి అంతకి రెట్టింపు తిట్టి, మ్యూట్ తీసి "అర్థమైందండీ" అంటుందని అందరం దాన్ని అలా పిలుస్తాం. నా పక్క సీటే.

"ఫోన్లు చేస్తున్నావా? నువ్వు? ఇక్కడ కూర్చుని కూడా?" అంది. "నోరు చేసుకునేవాళ్ళని మనమేం చేస్తాం? హోల్డ్‌లో పెడతాం. కాగితం వస్తే మన మేనేజరు ఎలా లేచి పరిగెడతాడో చూడలేదూ? ముందు రాసి పంపు, రసీదు పెట్టుకో. పలక్కపోతే వినియోగదారుల కోర్టు. లాయరు కూడా అక్కర్లేదే, మనమే చెప్పుకోవచ్చు."

"బోర్డుందంటాడే వాడు."

"బోర్డు వాడు రాసుకున్నాడు, చట్టం వాడు రాయలేదుగా. నేను రేపు నా సీటు మీద 'నన్ను తిట్టరాదు' అని రాసుకుంటాను, మానేస్తారా?"

జూలై 6

రాశాను. పరీక్ష చెయ్యకుండా అమ్మారు. వాపసు తీసుకుంటామని నోటితో చెప్పి, బోర్డు చూపించి కాదన్నారు. పనికిరాని సరుకుని పనికొచ్చిందని ఊరంతా చాటుతున్నారు, అదీ మావాళ్ళ మొహంతో. మూడు ముక్కలు, ఒక్క తిట్టు కూడా లేకుండా. తిట్లన్నీ ముందు వేరే కాగితం మీద రాసి చించేశాను. అది ఇంకా బాగా వచ్చింది.

జూలై 24

జవాబు లేదు. కోర్టులో ఫిర్యాదు ఇచ్చేశాను. మా ఆయన "కోర్టు చుట్టూ తిరిగితే కాళ్ళరిగిపోతాయే" అన్నారు. "స్కూటరు ఎలాగూ లేదు, కాళ్ళైనా వాడదాం" అన్నాను.

ఆగస్టు 20

ఇవాళ విచారణ. ఏం రాయాలో తెలీట్లేదు.

హాలు చిన్నది, ఫ్యాన్లు పెద్దవి. తీర్పు చెప్పే అధ్యక్షురాలు మా అమ్మ వయసావిడ. దుకాణం లాయరు బోర్డు గురించి, బిల్లు గురించి చెప్పి, చివర్న ఫోనులో ఆ టీవీ ముక్కే చూపించాడు. "వాడే మనిషికి తృప్తిగా ఉంది. కోడలుగారికే లేదు" అన్నాడు. నవ్వారు కొందరు.

అధ్యక్షురాలు మామగారిని ముందుకు పిలిచి అడిగింది. "పెద్దాయనా, మిషను పనిచేస్తోందా?"

చెవిలో అదే మిషను. మామగారు ఆవిడ మొహం చూశారు. చక్కగా నవ్వి "బాగుంది" అన్నారు.

ఎదురుగా నేను నిలబడే ఉన్నాను.

ఆగస్టు 21

నిన్న ఇంటికొచ్చాక అనకూడని మాటలన్నాను. ఎలాగూ వినపడదని అన్నాను. అది ఇంకా తప్పు. నా మొహం చూస్తే చాలు ఆయనకి అన్నీ తెలుస్తాయి.

ఇవాళ పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడి, మొన్న జూన్ తర్వాత మొదటిసారి, తనంతట తను మాట్లాడారు.

"పని చెయ్యట్లేదని చెప్తే పాపని ఇంక నాకెప్పటికీ ఇవ్వరుగా."

నేను తల అడ్డంగా ఊపాను. ఏమని ఊపానో నాకే తెలీదు. పాపని ఇవ్వలేమనా, అలా అనుకోవద్దనా?

"ఆ పిల్ల లోపల అంతసేపు ఏడ్చింది, నాకు తెలీలేదు. ఇప్పుడు వినపడుతోందని అంటే వినపడినట్టే కదా అనుకున్నాను" అన్నారు.

నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. కొన్నరోజే, దారిలోనే అడిగారు కదా ఆయన. ఒకటో తారీకు నుంచి అని మేము ఆశ పెట్టాం. ఆయన నోట్లోంచి బాగుంది లాగింది తెల్లకోటు ఒక్కడే కాదు.

ఒక కాగితం తీసుకుని పెద్దక్షరాలతో రాసిచ్చాను. "మామయ్యా, వినపడకపోయినా పాప మీదే. కానీ నిజం చెప్పండి."

చదివారు. జేబులో పెట్టుకున్నారు. ఈసారి బాగుంది అనలేదు.

ఆగస్టు 22

ఆఫీసులో ఒకాయన "నేను సరే అన్లేదు" అని గొడవపెట్టుకుంటే, టీం లీడరు కాల్ మొత్తం వినిపించమన్నాడు. మాకదే పద్ధతి. ముక్క వింటే ఎవరైనా ఒప్పుకున్నట్టే ఉంటుంది, మొత్తం వింటేనే అసలు సంగతి.

వింటూ వింటూ హెడ్‌ఫోన్లు తీసేశాను. టీవీలో ఉన్నది ముక్క. దాని మీద సంగీతం. ఏ ప్రశ్నకి బాగుంది అన్నారు మామగారు?

సాయంత్రమే కోర్టుకి అర్జీ పెట్టాను. అద్దాల గదిలో తీసిన వీడియో మొత్తం కావాలి, సంగీతం లేకుండా.

సెప్టెంబరు 18

మొత్తం వేశారు. లాయరు ముందే చూసి ఉంటే తెచ్చేవాడు కాదు. ఆ మొహం చూస్తే తెలిసింది చూడలేదని.

తెల్లకోటు గొంతు. "ఎలా వినిపిస్తోంది పెద్దాయనా?"

"బాగుంది."

"మీ వయసెంతండీ?"

"బాగుంది."

"ఎవరితో వచ్చారు ఇక్కడికి?"

"చాలా బాగుంది."

తర్వాత తెల్లకోటే, పక్కనున్నమ్మాయితో అన్నాడు. "ఇంక ఆపెయ్. మొదటి ముక్క వాడుకుందాం."

హాల్లో పెద్దగా నవ్వారు. నేనూ నవ్వబోయి మామగారిని చూసి ఆగిపోయాను. తెర మీద తలూపుతున్న తననీ, నవ్వుతున్న జనాన్నీ చూస్తున్నారు. ఏం జరిగిందో ఒక్క ముక్క వినపడలేదు, అయినా అంతా అర్థమైంది ఆయనకి. చెవిలోంచి మిషను తీసి అధ్యక్షురాలి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, మీరంతా నవ్వుతున్నారు. ఆయన నన్నేం అడిగాడో ఆ రోజూ వినపడలేదు, ఇప్పుడూ వినపడలేదు. ఎదుటివాళ్ళ మొహం చూసి బాగుందంటాను. అంటే వాళ్ళు సంతోషించి వెళ్ళిపోతారు. పోయినసారి మీకూ అలాగే అన్నాను. నాకు వినపడదు. మనవరాల్ని బడి నుంచి తెచ్చే పని పోతుందని దాచాను. అది నా తప్పు. నేను వినలేదని తెలిసీ అమ్మాడే, అది ఎవరి తప్పు?"

ఎవరూ నవ్వలేదు. లాయరు లేచి బోర్డు సంగతి ఎత్తబోయాడు. అధ్యక్షురాలు చెయ్యి అడ్డం పెట్టింది. "మీ బోర్డు మీ గోడకి. పనికిరాని సరుకని తెలిసే అమ్మారు. కొన్నవాళ్ళ హక్కు మీ బోర్డుతో పోదు" అంది.

మా ఆయన వెనక బెంచీలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. నేను చూశానని తెలిసి ఫ్యాను గాలికి దుమ్ము పడిందన్నారు. పోనీలే అనుకున్నాను.

అక్టోబరు 9

తీర్పు. డబ్బు మొత్తం వెనక్కి, పైన పరిహారం, ఖర్చులు. టీవీలో వీడియో తీసెయ్యాలి, ఎక్కడా వాడకూడదు. పరీక్ష చెయ్యకుండా ఎవరికీ మిషను అమ్మకూడదు.

తిరిగొస్తూ కావాలనే ఆ వీధిలోంచి వచ్చాను. అద్దం వెనక టీవీ నల్లగా ఉంది. బోర్డు మాత్రం ఇంకా అక్కడే ఉంది. రేపు దాని మీద ఇంకో కాగితం రాస్తాను.

నవంబరు 12

ఆస్పత్రిలో కొత్త మిషను పెట్టించాం. చెవి పరీక్ష చేసే ఆవిడ చాలాసేపు కొలిచింది. పెట్టి "ఎలా ఉంది పెద్దాయనా" అంది.

మామగారు ఆవిడ మొహం చూశారు.

"బాగాలేదు" అన్నారు.

సరిచేసింది. "ఇప్పుడు?"

"కీచుమంటోంది. మార్చండి."

మళ్ళీ మార్చింది. మళ్ళీ కాదన్నారు. వెనక క్యూ పెరిగిపోతోంది. మా ఆయన "పోనీలే నాన్నా" అనబోతే కాలు తొక్కాను. ఎన్నిసార్లు కాదన్నారో, ఆవిడ ఒక్కసారి విసుక్కోలేదు. చివరికి మామగారి వెనక నిలబడి, పెదాలు కనపడకుండా, పాప మెల్లగా "తాతా, నీ ముక్కు మీద ఈగ" అంది. ఆయన ముక్కు తుడుచుకున్నారు.

నవంబరు 13

మామగారు గొడుగు తీసుకుని బడికి వెళ్ళారు, ఎండ లేదు, వాన లేదు. ఇద్దరూ వీధి మొదట్నుంచే కబుర్లు చెప్పుకుంటూ వచ్చారు. పాప నోటికి ఇంక తాళం లేదు.

అన్నాల దగ్గర అలవాటుగా అడిగాను. "కూర ఎలా ఉంది మామయ్యా?"

ముద్ద నమిలి మింగి, నిదానంగా చెప్పారు. "ఉప్పెక్కువైందమ్మా. నువ్వెప్పుడూ ఎక్కువే వేస్తావు."

మా ఆయన పళ్ళెంలోకి వంగిపోయారు. పాప కిలకిలా నవ్వింది.

ఎప్పుడూట. ఇన్నేళ్ళూ మరి నోరెందుకు మెదపలేదని అడిగాను. రేపట్నుంచి ఎవరికి కావాల్సిన ఉప్పు వాళ్ళే వేసుకోమన్నాను. గిన్నె మూత మళ్ళీ చెయ్యి జారింది.